రిసీవర్ అంటే అందుకునేది

మన ఇళ్లలో ‘రిసీవర్’ అంటే చాలాకాలం చెవికి ఆనించుకునే ఫోను భాగమే. ‘తీసుకోవడం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చిన ఈ పేరు రేడియో తరంగాల్ని అందుకునే పెట్టెకూ, తర్వాత ట్యూనర్, యాంప్లిఫయర్ కలిసిన పెట్టెకూ స్థిరపడింది. హోమ్ థియేటర్ రిసీవర్‌ది ఆ వంశమే. తక్కువ బడ్జెట్‌లో కొనేవారు మాటలోని ఆ అర్థాన్నే పట్టుకోవాలి: ముందు చూడవలసింది వాట్లు కాదు, ఆ పెట్టె ఏమేమి అందుకుంటుందన్నది.

టీవీకి తగిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు, ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని అదే కేబుల్ మీద రిసీవర్‌కు తిరిగి పంపే సదుపాయం) ఉన్నాయా? ఇక వాట్ల సంగతి: అవి రెట్టింపైనా పెరిగే ధ్వని 3 డెసిబెల్సే. పైగా అట్టపెట్టె మీది అంకె తరచు ఒకటి రెండు ఛానళ్లే పనిచేస్తున్నప్పటి కొలత. ‘డాల్బీ అట్మాస్ లేకపోతే పాతబడిపోదా?’ అనవచ్చు. దానికి పైనుంచి కూడా ధ్వని రావాలి, అంటే మామూలుగా పైకప్పు స్పీకర్లు కావాలి. అద్దె ఫ్లాట్‌లో శ్లాబుకు రంధ్రాలు పెట్టడం కష్టం. పైకి ధ్వని విసిరే స్పీకర్లు ఉన్నా, వాటికీ ఖర్చే. హాలు చిన్నదైతే మంచి 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) రిసీవర్ తీసుకుని, మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.