కాలువ గట్టు మీద ఇంగ్లీషు మాటలు: క్యూసెక్ నుంచి వాటర్‌షెడ్ దాకా

కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న మన జిల్లా నేలను చరిత్ర పుస్తకాలు రాయచూరు దోఆబ్ అంటాయి. పర్షియన్‌లో ‘దో’ అంటే రెండు, ‘ఆబ్’ అంటే నీరు. అంటే ‘రెండు నీళ్ల నేల’. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో యుద్ధం చేసింది ఈ నేల కోసమే. ఇప్పుడు ఇక్కడ నీళ్ల గురించి మాట్లాడే భాష చాలావరకు ఇంగ్లీషు. సలహా సమితి నిర్ణయం కన్నడంలో వచ్చినా, తెలుగు పేపరులో చదివినా అందులో క్యూసెక్, డెడ్ స్టోరేజ్, టెయిల్ ఎండ్ వంటి మాటలు తప్పవు. మాట అర్థం కాకపోతే ఏం అడగాలో తెలియదు. క్యాంపుల్లో, ఊళ్లలో తరచూ వినబడే మాటలను ఇక్కడ వివరిస్తున్నాం.

క్యూసెక్, టీఎంసీ

ఈ రెండూ ఒకటి కాదు. క్యూసెక్ అనేది పారుదల వేగం: సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ అనేది నిల్వ: వంద కోట్ల ఘనపు అడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. కాలువకు 4,000 క్యూసెక్కులు వదిలారంటే సుమారు మూడు రోజులకు ఒక టీఎంసీ ఖర్చయినట్టు.

రైతుకు పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. ఒక క్యూసెక్ నీరు గంటసేపు పారితే ఎకరం మీద దాదాపు ఒక అంగుళం నిలుస్తుంది. ఐదెకరాలకు రెండంగుళాలు కావాలంటే పది గంటలు పారాలి. దారిలో ఇంకిపోయేది దీనికి అదనం.

డెడ్ స్టోరేజ్, సిల్ట్, బ్యాలెన్సింగ్ రిజర్వాయర్

డెడ్ స్టోరేజ్ అంటే చెడిపోయిన నీరు కాదు. తూము మట్టానికి కింద ఉండిపోయి, తనంతట తాను కాలువలోకి రాలేని నీరు. డ్యామ్‌లో ఇన్ని టీఎంసీలున్నాయని వార్త వస్తే, ఇది పోను మిగిలిందే మనకు లెక్క.

సిల్ట్ అంటే పూడిక, కన్నడంలో హూళు. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యామ్ నిల్వ మొదట సుమారు 133 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో తీసుకుంటున్నది 105.788. ఆ తగ్గింది పూడిక తిన్న చోటు. దాన్ని కొంతైనా పూడ్చుకోవడానికే కొప్పళ జిల్లా నవలి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ కట్టాలన్న ప్రతిపాదన. వరద వచ్చినప్పుడు మిగులు నీటిని పట్టి, తర్వాత వాడుకోవడానికి కట్టే జలాశయం ఇది.

క్రెస్ట్ గేట్, స్టాప్‌లాగ్

డ్యామ్ నెత్తిన ఉండే గేట్లు క్రెస్ట్ గేట్లు. తుంగభద్రకు 33 ఉన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు స్టాప్‌లాగ్ అనే మాట ఇంటింటికీ తెలిసింది. గేటు చోట ఒకదాని మీద ఒకటి పేర్చే ఉక్కు పలకలవి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారంలోనే వాటిని దించి నీటిని ఆపారు.

ఆనికట్

ఇది ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్న దక్షిణాది మాట. తమిళ ‘అణైక్కట్టు’ నుంచి వెళ్లింది, మన ‘ఆనకట్ట’కు తోబుట్టువు. ఆనికట్ నీటిని పెద్దగా నిల్వ చేయదు, మట్టం పెంచి కాలువలోకి మళ్లిస్తుంది. మన జిల్లాలో తుంగభద్ర మీద ఉన్న రాజోలిబండ ఇలాంటిదే. దాని కాలువ 143 కిలోమీటర్లలో మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి, ఆపైన తెలంగాణలోని అలంపురం వైపు వెళ్తుంది. అక్కడి ఆయకట్టు 87,500 ఎకరాలు.

హెడ్ రీచ్, టెయిల్ ఎండ్

కాలువ మొదలు హెడ్ రీచ్, చివర టెయిల్ ఎండ్. కన్నడంలో కొనె భాగ, కోస్తా మాటలో శివారు. తుంగభద్ర ఎడమ కాలువ 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు దాటి మాన్వి, సిరవార, రాయచూరు వైపు వచ్చేసరికి నీరు సన్నబడుతుంది.

కారణం దూరం ఒక్కటే కాదు. ఇక్కడ ‘లోకలైజేషన్’ అనే మాట తెలియాలి. ఏ సర్వే నంబరులో ఏ పంటకు నీళ్లిస్తారో ముందే నిర్ణయించిన లెక్క అది. ఈ కాలువ కింద ఎక్కువ భూమిని ఆరుతడి పంటలకే కేటాయించారు. వరికి జొన్న కంటే రెండింతలు, అంతకు మించి నీరు కావాలి. పైన వరి మడులు పెరిగినకొద్దీ కింద చేలు ఎండుతాయి.

డ్యామ్ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకుని, ఈ నల్లరేగడిలో వరి పండించి చూపింది మనవాళ్లే. ఇవాళ నీళ్లందక గట్టు మీద కూర్చునే చివరి రైతుల్లోనూ మనవాళ్లున్నారు. కాబట్టి టెయిల్ ఎండ్ గొడవను తెలుగు, కన్నడ గొడవగా చూస్తే తప్పు. అది పైమడికీ కిందిమడికీ మధ్య లెక్క.

వాటర్ టేబుల్, వాటర్‌లాగింగ్

టేబుల్ అంటే బల్ల కాదు, భూమి లోపలి నీటిమట్టం. బోరు వేసేవారికి అది దిగితే కష్టం. కాలువ కింద అది పైకెక్కినా కష్టమే. మట్టం వేళ్ల దాకా వస్తే వాటర్‌లాగింగ్. ఆ తేమ పైకి పాకి ఆవిరైపోయి ఉప్పును నేల మీద వదిలేస్తుంది. అదే చౌడు. కన్నడంలో ఈ జంటను సవళు, జవళు అంటారు. జిప్సం క్షారపు చౌడుకు మందు. ఉప్పు చౌడుకు మాత్రం మురుగు కాలువ తీసి, మంచినీటితో కడిగి పంపాల్సిందే.

వాటర్‌షెడ్

రేకుల షెడ్‌కు దీనికి సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ‘షెడ్’కు వేరుచేయడం అన్న అర్థముంది. ఈ పక్క చినుకు కృష్ణకు, ఆ పక్క చినుకు తుంగభద్రకు పోయే మిట్ట అసలైన వాటర్‌షెడ్. మన దేశంలో మాత్రం వాన నీరు ఒకే వాగులోకి చేరే ప్రాంతమంతటినీ ఈ పేరుతో పిలుస్తారు. వాటర్‌షెడ్ పథకమంటే ఆ ప్రాంతంలో కట్టలు, చెక్‌డ్యామ్‌లు కట్టి నీటిని నిలపడం.

వాటర్‌మ్యాన్

పంచాయతీ కుళాయి విప్పే మనిషి. పూర్వం చెరువు తూము విప్పి వంతుల ప్రకారం నీరు పంచినవాడు నీరుగంటి. ఈ మాట తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే.

నీళ్లతో పలుకుబళ్లు

‘వాటర్ డౌన్’ అంటే పలచన చేయడం. మనం నీరుగార్చడం అంటాం. ‘హోల్డ్ వాటర్’ అంటే నీళ్లు పట్టుకోవడం కాదు, వాదన నిలబడటం. ‘వాటర్‌టైట్’ హామీ అంటే ఎక్కడా సందు లేనిది. ‘కీప్ హెడ్ అబవ్ వాటర్’ అంటే అప్పుల్లో మునగకుండా నెట్టుకురావడం. మన ‘నీళ్లు నమలడం’ మాత్రం ఇంగ్లీషులో నీళ్లు లేకుండానే చెప్పుకోవాలి.

అధికారి నీళ్లు నమలకుండా ఉండాలంటే ప్రశ్న సూటిగా ఉండాలి. ‘నీళ్లెప్పుడొస్తాయి?’ అని అడిగితే ‘వస్తాయి’ అనే జవాబే వస్తుంది. మా డిస్ట్రిబ్యూటరీకి ఎన్ని క్యూసెక్కులు, గేజ్ ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు, వంతు ఏ తేదీ నుంచి అని నాలుగూ అడగండి. జవాబు రాతలో తీసుకోండి.