ఓల్టా బహుమానమును బధిరుల భాషయును

క్రొత్త సాధనములను కనిపెట్టిన వారికి ప్రభుత్వములు బహుమానము లిచ్చుట చిరకాలముగా నున్న యాచారము. అట్టివానిలో ఫ్రాన్సు దేశపు ఓల్టా బహుమానము పేర్గన్నది. ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో ఓల్టా 1800 సంవత్సరమున విద్యుత్తును నిలుకడగా పుట్టించు సాధనమును లోకమునకు తెలిపి, మరుసటి యేట పారిస్ నగరమున నెపోలియను ఎదుట ప్రదర్శించెను. ఆ పండితుని పేర 1852లో మూడవ నెపోలియను 50,000 ఫ్రాంకుల బహుమానమును నెలకొల్పెను. ఏ దేశపు విద్వాంసుడైనను దీనికి పోటీ చేయుటకు నాడు వీలుండెను. 1864లో జర్మను దేశమున పుట్టి పారిస్‌లో పనిముట్లు చేసి జీవించుచుండిన రుమ్‌కార్ఫ్ దీనిని బడసెను. 1880లో టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రహాం బెల్లునకు ఇది లభించెను. మనుష్యుల నడుమ మాటను సులభము చేసిన వానికి సకలదేశముల పోటీలో దక్కిన ఈ గౌరవము యొక్క చరిత్రలో మనము నేర్వదగిన దొకటి కలదు.

బెల్లు వృత్తిచే యంత్రకారుడు కాడు, ఉపాధ్యాయుడు. అదే వృత్తిలో నున్న మాకు ఈ సంగతి సహజముగా ప్రీతి గొల్పును. ఆయన 1847లో స్కాట్లండునందలి ఎడిన్‌బరో నగరమున జన్మించెను. తాతయు తండ్రియు ఉచ్చారణమును బోధించిన వారు. నాలుకయు పెదవులును కంఠమును ఏ ధ్వనికి ఏ స్థితిలో నుండునో చూపు లిపి నొకదానిని తండ్రి 1867లో ప్రకటించెను. వర్ణములకు స్థానప్రయత్నములను నిర్ణయించిన మన శిక్షాశాస్త్రమును చదివిన వారికి ఈ పూనిక వింతగా తోపదు. తల్లికి వినికిడి మిక్కిలి తక్కువ. బెల్లు 1871 నుండి బోస్టను నగరమున బధిర బాలబాలికలకు ఆ లిపి సాయమున మాటలాడుట నేర్పుచుండెను. 1877లో ఆయన వివాహమాడిన మేబెల్ హబ్బర్డు అయిదేండ్ల ప్రాయమున జ్వరముచే వినికిడిని కోల్పోయినది. ఇంటను బడిలోను వినలేని వారి నడుమ నుండినవాడు గనుకనే ధ్వని యెట్లు కదలునో ఆయన అంతగా పరిశీలించెను.

1876 మార్చి 7వ తేదీన బెల్లునకు పేటెంటు లభించెను. ఆ వేసవిలో అమెరికా స్వాతంత్ర్య శతవార్షికోత్సవమునకై ఫిలడెల్ఫియాలో సకలదేశ వస్తుప్రదర్శనము జరుగుచుండెను. బెల్లు పరికరములను మసచూసెట్సు రాష్ట్రపు విద్యావిభాగమున నొక మూల నుంచిరి. జూన్ 25వ తేదీన న్యాయనిర్ణేతలతో వచ్చిన బ్రెజిలు చక్రవర్తి రెండవ పేద్రో, బోస్టనులో బధిరుల తరగతియందు తాను చూచిన ఉపాధ్యాయుని గుర్తించి పలుకరించెను. తంతి ఆవలి కొననుండి బెల్లు హామ్లెట్టు నాటకములోని స్వగతమును చదువగా చక్రవర్తియు, న్యాయనిర్ణేతయగు సర్ విలియం థామ్సనును ఈవలి కొనను విని యాశ్చర్యపడిరి. థామ్సను స్వదేశమునకు మరలి, అదే సంవత్సరమున గ్లాస్గోలో కూడిన శాస్త్రజ్ఞుల సభలో ఈ సాధనమును మిక్కిలి కొనియాడెను.

నాలుగేండ్లకు వచ్చిన ఓల్టా బహుమానము నాటి లెక్కను సుమారు 10,000 డాలర్లు. బెల్లు ఆ ధనమును భోగములకు వెచ్చింపలేదు. వాషింగ్టనులో ఓల్టా పేర నొక ప్రయోగశాలను స్థాపించెను. అందు ఆయనయు సహచరులును మైనపు పూతగల గొట్టముపై మాటను చెక్కి దాచు గ్రాఫఫోను యంత్రమును రూపొందించిరి. దానిపై 1886లో వచ్చిన పేటెంట్ల సొమ్ముతో, బధిరులను గూర్చిన జ్ఞానమును సేకరించి వ్యాపింపజేయుటకు 1887లో ఓల్టా బ్యూరో యను సంస్థ వెలసెను. 1893లో దాని భవనమునకు తొలి మట్టి నెత్తినది పండ్రెండేండ్ల హెలెన్ కెల్లరు. బహుమానమును మరల లోకహితమునకే ధారపోసిన ఈ యుదారతను ఎంత మెచ్చినను తగును.

అయినను ఈ కథకు రెండవ ముఖము కలదు. బెల్లు ఎవరికొరకు పాటుపడెనో ఆ బధిరులకు టెలిఫోను అక్కరకు రాలేదు. మేబెల్ ఆ యంత్రములో తన భర్త మాట నొక్కటియైనను వినియెరుగదు. బధిరులకు అంతకు ముందే తంతియు విద్యుత్తును అక్కరలేని సాధన మొకటి యుండెను. అది చేతుల భాష. పదునెనిమిదవ శతాబ్దిలో పారిస్ నగరమున లెపే యను మతగురువు సైగలద్వారా బధిరులకు చదువు చెప్పెను. ఆ పాఠశాల నుండి వచ్చిన లోరాం క్లేర్ అను బధిరుడు 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డున బధిరుల పాఠశాలను స్థాపించుటకు తోడ్పడెను. 1864 నాటికి వాషింగ్టనులో వారికి పట్టములిచ్చు కళాశాలయే యేర్పడెను.

బెల్లునకు ఓల్టా బహుమానము దక్కిన ఆ 1880లోనే, సెప్టెంబరు మాసమున, ఇటలీలోని మిలాను నగరమున బధిరవిద్యను గూర్చి నానాదేశముల సభ కూడెను. పాఠశాలలలో సైగలు వలదు, నోటిమాటనే నేర్పవలెనని సభ తీర్మానించెను. కాదన్నవారు నలుగురే. ఓటు వేసిన వారిలో బధిరు డొక్కడు. ఈ తీర్మానము వలన పెక్కు దేశములలో బడిపిల్లల చేతులకు కట్టడి వచ్చెను. బధిరులైన ఉపాధ్యాయులు ఉద్యోగములు కోల్పోయిరి. బెల్లు సహితము ఈ పక్షమువాడే. బధిరులు బధిరులనే పెండ్లాడుటవలన వారి సంతతి యొక ప్రత్యేకజాతిగా పెరుగునను భయమును ఆయన 1883లో శాస్త్రజ్ఞుల యెదుట వెల్లడించి, సైగలను, బధిర ఉపాధ్యాయులను విద్యాలయములనుండి తొలగించుట మేలని తలచెను.

బెల్లును దుష్టుడని మేము చెప్పబోము. వినువారి లోకములో బధిరులు కలసి బ్రతుకవలెనని ఆయన మనసారా కోరెను. చిక్కంతయు ఇందే యున్నది. ఎదుటివాని మేలును ఎదుటివాని నడుగకయే నిర్ణయించు దోషము దుర్మార్గులకంటె దయాళువులనే యెక్కువగా పట్టును. సంఘసంస్కారమును కోరు మనమును దీనికి దూరులము కాము. వితంతువులను గూర్చి, హరిజనులను గూర్చి, కూలివారిని గూర్చి ఎన్ని సభలు వారి నోటిమాట వినకయే తీర్మానములు చేయలేదు?

టెలిఫోను బధిరులకు పనికివచ్చునట్లు చేసినవాడు తుదకు బధిరుడే. అమెరికాలోని కాలిఫోర్నియాయందు రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అను బధిర భౌతికశాస్త్రజ్ఞుడు, టైపు కొట్టిన అక్షరములను ధ్వనులుగా మార్చి టెలిఫోను తంతిలో పంపి, ఆవల మరల అక్షరములుగా అచ్చొత్తించు సాధనమును 1964లో కల్పించెను. ఓల్టా బహుమానమునకు అది 84 ఏండ్ల తరువాతి మాట. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, నోటిభాషలతోపాటు సైగల భాషలును భాషలేయని నిర్వచించినది. మిలాను సభకు వారసురాలగు సభ 2010లో కెనడాలోని వాంకూవరున కూడి ఆ పాత తీర్మానములను త్రోసిపుచ్చినది. మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము భారతీయ సంజ్ఞాభాషను దేశమంతట నొక్కతీరుగా స్థిరపరుపవలెనని పలికినది.

మాటను చేరవేయు సాధనములకు ముందును పోటీలు జరుగును, బహుమానములును పంచబడును. ఆ సాధనము ఎంతదూరము పోవునో, ఎంత వేగముగా పోవునో కొలుచుట సులభమే. ఎవరిని బయట నిలిపినదో కూడ కొలువవలెను; ఆ కొలత తీయువారిలో బయట నిలిచినవారే యుండవలెను. బధిరశిశువు గల గృహములకు మేము చెప్పునది యింకను చిన్నమాట. ఆ బిడ్డ నోట మాట వచ్చుదాక వేచియుండక, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అవ్వాతాతలు ఆ బిడ్డతోపాటు సంజ్ఞాభాషను నేర్చికొందురు గాక. దానికి కావలసిన పరికరములు ప్రతియింటను రెండేసి చేతులుగా సిద్ధముగానే యున్నవి.