రాయలచెరువు కట్ట ఎందుకు నిలబడింది?

తిరుపతిలో పెరిగిన నాలాంటివాడికి డ్యామ్ అంటే కళ్యాణి డ్యామే. 1977లో కట్టింది, శేషాచలం కొండల కింద ఉంటుంది. స్కూలు పిక్నిక్కులన్నీ అక్కడికే. ఎండాకాలం సెలవులకేమో అమ్మమ్మ వాళ్ళ ఊరు, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట దిగువన. ఆ కట్ట కూడా ఒక డ్యామే అని నాకెప్పుడూ తట్టలేదు. చదివింది ఇంజనీరింగే లెండి! మాకు అది చెరువు, అంతే. గేదెలు దిగేది, ఎండిపోతే మేము క్రికెట్ ఆడేది.

2021 నవంబరు 21, ఆదివారం మామయ్య ఫోన్ చేశాడు. "కట్టకింద నీళ్ళు ఊరతా ఉండాయంట రా, ఊరు ఖాళీ చెయ్యమంటా ఉండారు" అని. అంతకు మూడు రోజుల ముందే తిరుపతి వీధుల్లో కార్లు పడవల్లా తేలిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అమ్మమ్మ మాత్రం కదలనంది. "పెండ్లయి వచ్చినప్పట్నించీ చూస్తా ఉండా, అది పోదు" అని ఒకటే పట్టు. చివరికి మామయ్య దాదాపు ఎత్తుకుని తీసుకెళ్ళాడు.

కట్ట పోలేదు. ఇసుక మూటలు, మట్టి వేసి ఊటని ఆపారు, నీళ్ళు కిందికి వదిలారు. సరిగ్గా రెండు రోజుల ముందు, నవంబరు 19న, రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఊళ్ళకు ఊళ్ళు మునిగి ఎంతోమంది చనిపోయారు. ఐదు గేట్లలో ఒకటి పని చెయ్యలేదన్న విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది.

మన జనం వెంటనే "చూశారా, రాయలవారి కట్ట, మనవాళ్ళ కట్ట" అని పోలికలు మొదలుపెట్టారు. నాకూ ఆవేశం వచ్చింది, ఎందుకబద్ధం. కానీ ఆలోచిస్తే అది సరైన పోలిక కాదు. చెయ్యేరుకొచ్చిన వరద వేరు, ఇక్కడి వరద వేరు. పైగా తెగిపోయిన పాత చెరువుల్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? నిలిచినవే మన కంటికి కనిపిస్తాయి. ఆ ఆదివారం జనం పరిగెత్తుకెళ్ళి మట్టి పొయ్యకపోతే మన కట్ట సంగతి కూడా ఏమయ్యేదో.

మరి ఐదొందల ఏళ్ళు ఎలా ఆగింది? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదీ.

కట్టించింది కృష్ణదేవరాయలే అని మా ఊళ్ళో అందరి నమ్మకం. ఆయన 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమల వచ్చాడు కాబట్టి నమ్మడం కష్టం కాదు. దేశం చిన్నదైనా చెరువులూ కాలువలూ తవ్విస్తే సంపద పెరుగుతుందని ఆముక్తమాల్యదలో చెప్పింది కూడా ఆయనే. కానీ ఆ కాలంవాళ్ళు చెరువు గురించి ఎలా ఆలోచించేవాళ్ళో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ వెళ్ళాలి. అక్కడ 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అదే భవదూరుడు, అనంతరాజసాగరం అనే చెరువు కట్టించి వేయించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. ఇదంతా ఒక ఎత్తయితే, మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని వరసగా చెప్పడం ఒక ఎత్తు. గట్టి నేల, తీపి నీటి ఏరు, కట్టకి ఆనుకునే కొండలు, దగ్గరలోనే రాతిగని, జలశాస్త్రం తెలిసినవాడు, పని తెలిసిన మనుషులు... అచ్చం మన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటే! దోషాల్లో ఒకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం (పాలారు గొడవ తెలిసిన కుప్పం వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు). ఇంకొకటి కట్ట నుంచి నీరు ఊరడం. మామయ్య ఫోన్లో చెప్పిన మాటే, ఆరున్నర శతాబ్దాల ముందే రాతి మీద ఉంది.

అయితే డిజైన్ ఎంత గొప్పదైనా మట్టికట్ట దానంతటదే నిలబడదు. ఎలుకలు బొరియలు పెడతాయి, చెట్ల వేర్లు దిగుతాయి, పూడిక నిండుతుంది, తూము పాడవుతుంది. మన ప్రోగ్రాముల్లాగే, డెలివరీ అయిన రోజు నుంచే అసలు పని. దానికి డబ్బెక్కడిది? రాయలసీమలో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు కట్టినవాడికో బాగుచేసేవాడికో కొంత భూమి శిస్తు లేకుండా వదిలేస్తారు, షరతు ఒక్కటే, చెరువు చూసుకోవాలి. తిరుమల గుడి పద్ధతి ఇంకా బావుంటుంది. నైవేద్యానికని దాత ఇచ్చిన డబ్బుని దేవుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వడానికి పెట్టేవాళ్ళు. పెరిగిన పంటలోంచి నైవేద్యం. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకి. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లోనే తిరుపతి శాసనాలు చూసి దీని మీద వ్యాసం రాశాడు. లడ్డూ కోసం గంటలు నిలబడే మనలో ఎంతమందికి తెలుసు ఇది?

1956లో చట్టం తెచ్చి ఇనాములు రద్దు చేశారు. ఆ పని జరగాల్సిందే, నేను కాదనను. కానీ భూమితో ముడిపెట్టిన బాధ్యత ఎవరికి పోయింది? కాగితాల మీద సర్కారుకి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, సంఘాలకి ఎన్నికలూ వచ్చాయి. కట్టమీద కంపచెట్లు కొట్టేవాడు మాత్రం రాలేదు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాల జాబితాలో పోరుమామిళ్ళ చెరువు, కంభం చెరువు, కె.సి. కెనాల్ చేరాయి. సంతోషమే. ఆ జాబితాలో మన రాయలచెరువు లేదు. చేరాలని నాకూ ఉంది. కాకపోతే వారసత్వమంటే బోర్డు పెట్టి, లైట్లేసి, సెల్ఫీ పాయింటు కట్టడమంటేనే భయం. ఆ డబ్బుతో ముందు కట్ట మీద వేర్లు తీయించండి బాబూ, ఏటా వానలకి ముందు తూము దింపి చూడండి.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మని అడిగాను, ఒకప్పుడు తూము ఎవరు తీసేవాళ్ళని. నీరుగట్టి అంది. ఏ మడికి ఎన్ని గడియలో నోటి లెక్కట, కోతలయ్యాక కళ్ళంలోనే వడ్లు కొలిచేవాళ్ళట. రాత్రి పూట లాంతరు పట్టుకుని కట్టంతా తిరిగేవాడట, ఎక్కడైనా తడి కనబడుతుందేమోనని. ఇప్పుడెవరు తిరుగుతున్నారంటే కాసేపు ఆలోచించింది.

"వాని మనవడు మీ బెంగుళూరులోనే ఉండాడు, కారు తోల్తాడంట" అంది.