తేలికై కూలిన గోల్డెన్ ఇమేజ్

ఆ ఇమేజ్ ఇప్పుడు లేదు. ఏళ్ల తరబడి వందలాది మందికి రోజూ పొద్దున్నే కొత్త డెస్క్‌టాప్ అందించిన గోల్డెన్ ఇమేజ్‌ను, అంటే ఆ డెస్క్‌టాప్‌లన్నిటికీ మూలమైన నమూనాను, స్టోరేజ్‌లోంచి చెరిపేశారు. దాన్ని తయారుచేసిన సీనియర్ ఇంజినీరు అప్పటికే సంస్థ వదిలి వెళ్లాడు. మేమంతా ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం. ఆ పనిలోని ఓపికను కళ్లారా చూసినవాణ్ని కాబట్టి, ఆ ఇమేజ్ కూలిన తీరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని నా కోరిక.

వర్చువల్ డెస్క్‌టాప్‌లంటే ఒక్క సర్వర్ మీద పదుల కొద్దీ విండోస్‌ల ఉమ్మడి కాపురం. ఒక్కో విండోస్ వెనక మనం అడగని పనులు ఎన్నో నడుస్తుంటాయి. ఒక మెషీన్‌లో ఆ భారం లెక్కలోకి రాదు. కానీ ఉదయం అందరూ ఒక్కసారి లాగిన్ అయ్యే వేళ అదే భారం సర్వర్‌ను కుంగదీస్తుంది. అందుకే అనవసరమైనవి తీసేసి విండోస్‌ను తేలిక చేస్తారు. వీఎంవేర్, సిట్రిక్స్, మైక్రోసాఫ్ట్ సంస్థలు మూడూ ఇందుకోసం టూల్స్ ఇచ్చాయి. అన్న మాత్రం రెడీమేడ్ టెంప్లేట్‌ను నమ్మలేదు. సొంత స్క్రిప్ట్ రాసుకున్నాడు. ఒక సర్వీస్ ఆపడం, లాగిన్ ఎంత సేపట్లో అవుతోందో చూడటం, తేడా లేకపోతే మళ్లీ ఆన్ చేయడం. అంత నిష్ఠగా పనిచేసే మనుషులను నేను చాలా అరుదుగా చూశాను.

ఆ స్క్రిప్ట్ 2016 నాటి విండోస్ 10 కోసం పుట్టింది. అందులో రెండు లైన్లున్నాయి. ఒకటి ఏఏడీ బ్రోకర్ ప్లగిన్ అనే ప్యాకేజీని ఫోల్డర్‌తో సహా తీసేస్తుంది. రెండోది విండోస్ తనకు ఇంటర్నెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను పలకరించే అలవాటును మాన్పిస్తుంది. ఆనాటికి రెండూ సబబే. అప్పుడు నడిచింది ఆఫీస్ 2016 వాల్యూమ్ లైసెన్స్. దాని యాక్టివేషన్ మొత్తం సంస్థ లోపలి కేఎంఎస్ సర్వర్‌తో, 1688 పోర్టు మీద జరిగేది. ఒకసారి యాక్టివేట్ అయితే 180 రోజులు చెల్లుబాటు. ఎవరూ లాగిన్ అవనక్కర్లేదు, బయటి ఇంటర్నెట్‌తో పనే లేదు. తీసేసిన బ్రోకర్‌ను ఎవరూ వెతకలేదు.

కాలం మారింది. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి, కొత్త ఆఫీస్ యాప్‌లు లాగిన్ పనిని విండోస్‌లోని వెబ్ అకౌంట్ మేనేజర్‌కు అప్పగించాయి. ఆ మేనేజర్‌కు పని చేసిపెట్టేది ఆ బ్రోకరే. ఈ సంగతి మా ఇమేజ్‌కు తెలియదు. విండోస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత స్క్రిప్ట్ దాని మీద నడుస్తూనే వచ్చింది. ఈలోగా అన్న వెళ్లిపోయాడు. స్క్రిప్ట్ మిగిలింది, అందులోని ఏ లైను ఎందుకుందన్న కారణం మిగల్లేదు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఆఫీస్ 2016కు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగుస్తుంది కాబట్టి మైక్రోసాఫ్ట్ 365 యాప్‌లకు మారాలని నిర్ణయించారు. ఆ యాప్‌ల లైసెన్స్ మనిషికి ఇస్తారు, మామూలుగా 5 కంప్యూటర్ల వరకే. రోజుకో కొత్త మెషీన్ ఇచ్చేచోట అది సరిపోదు కాబట్టి, ఆ లెక్కకు అందని షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ పెట్టారు. అంతా సక్రమమే. పైలట్ పరీక్ష మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌ల మీద జరిగింది.

నెలాఖరున లెక్కలు ముగించే రోజుల్లో మార్పు అమల్లోకి వచ్చింది. పొద్దున ఎక్సెల్ తెరిస్తే తెల్లటి లాగిన్ విండో ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఫైలు తెరుచుకుంటుంది, ప్రింట్ అవుతుంది, ఒక్క అంకె మార్చనివ్వదు. బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు నిక్షేపంగా వస్తుంటే కింద నెట్‌వర్క్ గుర్తు ఇంటర్నెట్ లేదంటుంది. పేమెంట్ల గడువు నెత్తి మీదున్న అకౌంట్స్ అమ్మాయి ఒకామె అంకెలన్నీ కాగితం మీద రాసుకుంటూ కూర్చుంది.

ఆఫీస్‌ను రిపేర్ చేశారు, లైసెన్స్ టోకెన్లు తుడిచారు, ప్రొఫైళ్లు కొత్తగా కట్టారు. వెబ్ అకౌంట్ మేనేజర్‌ను పక్కకు తప్పించే రిజిస్ట్రీ కీ కూడా పెట్టి చూశారు. మైక్రోసాఫ్టే వద్దనే ఉపాయం అది. కొందరికి యాక్టివేట్ అయింది గానీ మర్నాడు కొత్త మెషీన్‌లో మళ్లీ పాస్‌వర్డ్ గోల. చివరికి ఏ కోతా లేని విండోస్‌ను అదే నెట్‌వర్క్‌లో లేపి, అదే యూజర్‌తో లాగిన్ అయితే క్షణంలో యాక్టివేట్ అయింది. దోషం లైసెన్స్‌ది కాదు, ఇమేజ్‌దేనని, అందులోనూ స్క్రిప్ట్‌లోని ఆ రెండు లైన్లదేనని తేలిపోయింది.

ఇంటర్నెట్ పరీక్షను తిరిగి ఆన్ చేయడం రిజిస్ట్రీలో ఒక విలువ మార్చడమే. బ్రోకర్ ప్యాకేజీ ఫైళ్లుంటే ఒక్క పవర్‌షెల్ కమాండ్‌తో మళ్లీ రిజిస్టర్ చేయొచ్చు. ఇక్కడ ఫోల్డరే లేదు. ఎక్కడి నుంచో తెచ్చి అతికించినా, ఇంకా ఏమేం కోసేశారో చెప్పగలిగేవాళ్లు లేరు. దాంతో ఇమేజ్‌ను కాపాడే ప్రయత్నం మానుకుని కొత్తది మొదలుపెట్టారు.

కొత్త ఇమేజ్ పాతదానంత వేగంగా లేదు. మీ దగ్గరా ఇలాంటి పాత స్క్రిప్ట్ నడుస్తుంటే, దాన్ని రాసిన మనిషి ఇంకా మీ మధ్య ఉండగానే వెళ్లి పక్కన కూర్చోండి. ప్రతి లైనూ ఎందుకు రాశారో అడిగి, ఆ జవాబును ఆ లైను పక్కనే రాయండి.