ముగ్గు లేని గుమ్మం

తెల్లవారుజాము ఐదున్నర. పుదుచ్చేరిలో ధనుర్మాసం చలి పెద్దగా ఉండదు గానీ, సముద్రం మీంచి వచ్చే తడిగాలికి చొక్కా ఒంటికి అంటుకుంటోంది. మీరు కల్వే సుబ్బరాయ చెట్టి వీధి మొగలో నిలబడ్డారు. ఊళ్లో వాళ్లకు ఇది వైశ్యాల్ వీధి. రేపు రాత్రి సంక్రాంతికి యానాం ప్రయాణం. వారం రోజులు ఇంటికి తాళం. అందుకే ఈ పూట ఒక పని పెట్టుకున్నారు: ఊరిని దొంగ చూసినట్టు చూడటం.

ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. ముందు పెంకుల చూరు, కొయ్య స్తంభాలు, అరుగు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ పూనుకుని బాగుచేయించిన ఈ వరసకు 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. దొంగకు ఆ అందంతో పనిలేదు. అతని చూపు గుమ్మం ముందు నేల మీద పడుతుంది.

మీరూ అక్కడే చూడండి. చీపురు చప్పుడు, కళ్లాపి వాసన, వేళ్ల సందుల్లోంచి జారుతున్న పిండి. ఈ నెలలో ముగ్గు లేని గుమ్మం ఉండదు. కానీ ఒకటి కనిపిస్తోంది. మొన్నటి ముగ్గు కాళ్ల కింద పడి చెరిగిపోయింది. గడప మీద చుట్టచుట్టిన పేపర్లు, ఉబ్బిపోయిన పాలపాకెట్లు. బయట గొళ్లేనికి పెద్ద తాళం. తలుపు తట్టి చూడాల్సిన పని కూడా లేదు, ఇల్లే చెప్పేస్తోంది ఎవరూ లేరని. దొంగతనాల మాట రాగానే మనవాళ్లు తాళం ఎంత బరువుందో మాట్లాడతారు. నన్నడిగితే అది చివర చూసుకోవాల్సిన సంగతి. ఇల్లు ఖాళీ అని బయటికి పొక్కుతున్న దారులు ముందు మూయాలి. రైలు ఎక్కగానే వాట్సాప్‌ స్టేటస్‌లో పెట్టే కుటుంబం ఫొటో కూడా అందులో ఒకటి.

ఆ గుమ్మం దగ్గర మీరు కాస్త ఎక్కువసేపు ఆగారు.

"యారు వేణుం?"

ఎదుటి అరుగు మీద ఒక అవ్వ. పక్కన ముగ్గుపిండి గిన్నె. మీ తడబడే తమిళం సగం వినేసరికే భాష మార్చింది.

"తెలుగా నాయినా? ఎవురు కావల్ల?"

"ఎవరూ కాదవ్వా, నేను వెనకవీధిలోనే ఉంటాను."

"ఉంటే సరి. తాళాన్ని అట్ట చూస్తా ఉండావే?"

మీ స్థానంలో దొంగ ఉంటే ఈపాటికి వీధి దాటేసేవాడు. ప్రయాణం సంగతి చెబితే ఆమె గొంతు మెత్తబడింది, విచారణ మాత్రం ఆగలేదు. పాలు నిలిపినావా? పేపరు వద్దన్నావా? రాత్రి లైటెవురు వేస్తారు? చివరికి ముగ్గు దగ్గరికి వచ్చింది.

"పనిమనిషికి తాళంచెవి ఇయ్యబాక. ముగ్గుపిండి ఇచ్చిపో."

ఆమె వెనక తెరిచిన తలుపులోంచి చూస్తే ఇల్లు వెనక దాకా కనిపిస్తోంది. మందపు టేకు తలుపు, లోపల అడ్డగడియ, ఆ తర్వాత ఆకాశానికి తెరుచుకున్న మండువా. గోడలు కలిసిన వరసలో ఒక ఇంటి కప్పెక్కితే పక్కింటి కప్పు మీదికి నడిచిపోవచ్చు; అక్కణ్నుంచి మండువాలోకి దిగడం ఎంతసేపు? అందుకే పైన ఇనుప చువ్వల జాలీ. తల ఎత్తి దాన్ని జాగ్రత్తగా చూడండి. గోడలో దిగిన చోట చువ్వలు ఎర్రగా పొరలు పొరలుగా లేచిపోయాయి. ఈ ఊళ్లో దొంగ కంటే ముందే సముద్రపు ఉప్పు ఇంట్లోకి వస్తుంది. మీ ఇంటి జాలీకి రంగు వేసి ఎన్నేళ్లయింది?

కాలువ దాటి ఫ్రెంచి పేటలోకి వస్తే లెక్క తిరగబడుతుంది. ద్యుమా వీధిలో అరుగుల్లేవు. నిలువెత్తు గోడలు, గట్టి గేట్లు, మీద కాగితప్పూల తీగ. కొన్ని ఇళ్ల సొంతదారులు ఫ్రాన్సులో ఉంటారు, గేటుకు నెలల తరబడి తాళమే. గోడ బందోబస్తుగానే కనిపిస్తుంది, నిజమే. కానీ దొంగ ఒకసారి దాన్ని దాటాడంటే, వీధిలో వెళ్లేవాళ్లకు కనపడకుండా వాణ్ని దాచేదీ ఆ గోడే. కాగితప్పూల ముళ్లే నయం, ఎక్కేవాణ్ని కాస్త ఆపుతాయి. వీధి చివర ఎర్ర కెపి టోపీ పెట్టుకున్న పోలీసు కనిపించగానే గుర్తొచ్చింది: బయలుదేరే ముందు మీ స్టేషన్లో ఊరికెళ్తున్నామని చెప్పాలి. యానాం పక్కనే, ఆంధ్రలో, పోలీసులు తాళం వేసిన ఇళ్లలో అడిగినవారికి కెమెరా పెట్టి కనిపెట్టే ఏర్పాటు నడిపారు, ఎల్‌హెచ్‌ఎంఎస్ అని. మీ కెమెరా సంగతికొస్తే, దాని రికార్డు డబ్బా టీవీ కిందే ఉంది. టీవీతో పాటు దాన్నీ ఎత్తుకుపోతే మిగిలేది గోడకు ఉత్త కన్ను. రికార్డు ఫోనుకో క్లౌడుకో చేరేలా పెట్టాలి.

నగలు ఎలాగూ నిన్ననే లాకరుకు చేరాయి. రిజర్వు బ్యాంకు నిబంధనలు 2022 జనవరి నుంచి మారాయి. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల లాకర్లో దొంగతనం జరిగితే ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా బ్యాంకు బాధ్యత వహించాలి. మీ ఆవిడ హారం విలువకు అది సరిపోతుందా అంటే చెప్పలేం. బీరువా కంటే మేలు.

పది దాటింది. గూబేర్ మార్కెట్ గలగల్లోకి వచ్చారు. ఈ సందుల్లోనే ఫ్రెంచివాళ్ల దుబాసీ ఆనందరంగ పిళ్లె ఇల్లు ఉంది, కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రాసి అంకితమిచ్చింది ఆయనకే. 1761 జనవరిలో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాక కోటను నేలమట్టం చేశారు. పిళ్లెగారి ఇంటి కొయ్య స్తంభాలు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి.

తాళాల కొట్టు. "దిండిగల్‌ది ఇవ్వండి, పెద్దది." 2019లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పొందిన సరుకు, చేతిలో పెట్టుకుంటేనే ధైర్యంగా ఉంది. కొట్టాయన తాళం ఇవ్వలేదు. ఫోనులో మీ తలుపు ఫొటో చూపించమన్నాడు, గొళ్లెం మీద వేలు పెట్టి పెద్దది చేశాడు.

"ఇంత తాళానికి ఈ మరలా సార్?"

నాలుగు పొట్టి మరలు, తుప్పు కారి కింద చెక్క నల్లబడింది. మృచ్ఛకటికం నాటకంలో దొంగ శర్విలకుడు గోడకు కన్నం ఏ ఆకారంలో వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచిస్తాడు. మీ ఇంటికి వచ్చేవాడికి అంత కళ అక్కర్లేదు. ఇనుపకడ్డీ దూర్చి ఒక్క గుంజు గుంజితే తాళం చెక్కుచెదరదు, గొళ్లెంతో సహా ఊడి చేతికొస్తుంది. కొట్టాయన తుప్పు పట్టని స్టీలు బోల్టులు తీశాడు: తలుపు మందమంతా దాటి లోపలివైపు నట్టు బిగించే రకం. పెరటి తలుపుకూ అవే తీసుకోమన్నాడు. అక్కడ ఎవరూ చూడరు కాబట్టి ముందు అదే బిగించమన్నాడు.

భారతీయ న్యాయ సంహిత 331వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి పగలు ఇల్లు పగలగొడితే పదేళ్ల దాకా శిక్ష, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య పగలగొడితే పద్నాలుగేళ్ల దాకా. చట్టానికి రాత్రే ఎక్కువ భయం, కానీ పుదుచ్చేరి గడియారం వేరు. ఇక్కడ ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్లు చాలావరకు మూస్తారు, అరుగుల మీద అవ్వలు కూడా లోపలికి పోయి నడుం వాలుస్తారు. మీరు వడ్రంగికి ఫోను కలిపారు. ఒంటిగంటలోపు వస్తానంటున్నాడు. రెండు తలుపులు, ఎనిమిది బోల్టులు. డ్రిల్లు తెచ్చుకోమని చెప్పండి.