ఇంట్లో కారు పనికి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ గన్: కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

పెళ్లికో పెద్దకర్మకో హిందూపురం, కదిరి, మదనపల్లె, అనంతపురం వెళ్లి రావడం మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తెలుగు కుటుంబాలకు తరతరాల అలవాటు. ఒకప్పుడు బస్సులో వెళ్లేవాళ్లం, ఇప్పుడు చాలామంది సొంత కారులో వెళ్తున్నాం. దారిలో పంచర్ అయితే డిక్కీలో స్టెప్నీ ఉంటుంది, జాకీ ఉంటుంది. చక్రం నట్టు మాత్రం ఊడి రాదు. పంచర్ అంగడిలో ఎయిర్ గన్‌తో బిగించిన నట్టును కారుతో వచ్చే చిన్న పానాతో విప్పడం అరవై దాటిన వాళ్లకు, ఆడవాళ్లకు చాలా కష్టం. అందుకే బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్ కొనాలని చాలామంది అనుకుంటున్నారు. అంగళ్లలో దాన్నే ఇంపాక్ట్ గన్ అంటారు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ గన్ నట్టు విప్పడానికి కొనే సామాను. చివరి బిగింపు చేతి పనే. ఇది గుర్తుంటే ఏది కొనాలో, ఎంత ఖర్చు పెట్టాలో తేలిగ్గా తేలుతుంది.

ఇది ఎలా పనిచేస్తుంది

గన్ లోపల మోటారు ఒక ఇనుప దిమ్మను తిప్పుతుంది. నట్టు మొరాయించగానే ఆ దిమ్మ స్ప్రింగు మీద వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు దూకి, సాకెట్ తగిలించే మొనను పక్కనుంచి కొడుతుంది. నిమిషానికి వేల దెబ్బలు పడతాయి. బలమంతా దెబ్బ రూపంలో పోతుంది కాబట్టి పట్టుకున్న చెయ్యి మెలిపడదు. డ్రిల్ మెషీన్‌తో ఈ పని జరగకపోవడానికి కారణం అదే. స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ కూడా వేరే సామాను. దాని మొన పావు అంగుళం, ఆరు పలకలు. చక్రాలకు కావలసింది అర అంగుళం చదరపు మొన.

ఎంత బలం కావాలి

తిప్పే బలాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో లెక్కిస్తారు. 30 సెంటీమీటర్ల పానా కొనమీద 34 కిలోల బరువు వేస్తే సుమారు 100 న్యూటన్ మీటర్లు. మన వీధుల్లో కనిపించే చిన్న కార్లలో చాలావాటికి చక్రం నట్టు బిగింపు 85 నుంచి 120 మధ్యే ఉంటుంది. హోండా సిటీకి 108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. మీ కారుకు ఎంతో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. కారుతో పాటు వచ్చిన ఆ పుస్తకాన్ని పారేయకండి.

తుప్పు పట్టినా, గన్‌తో అతిగా బిగించినా నట్టు విప్పడానికి దీనికి రెండు మూడు రెట్లు కావలసి వస్తుంది. కాబట్టి బిగింపు బలం 250 నుంచి 350 న్యూటన్ మీటర్లు ఉన్న గన్ ఇంటి కారుకు సరిపోతుంది. వెయ్యి ఉన్నది బరువు ఎక్కువ, ధర ఎక్కువ. పైగా ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే చక్రం బోల్టే తెగవచ్చు. ట్రాక్టరుకు, టిప్పరుకు కూడా పనికొస్తుందని ఇది కొనకండి. వాటికి ముప్పావు అంగుళం మొన ఉన్న పెద్ద గన్ వేరే ఉంది.

డబ్బా మీది అంకెలు చదవడం

మొదటిది, ఒకే గన్‌కు రెండు బలాలు రాస్తారు: బిగించే బలం, విప్పే బలం. ఉదాహరణకు మకీటా డీటీడబ్ల్యూ 300కు బిగించేది 330, విప్పేది 580. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు బిగింపును బిగింపుతోనే పోల్చండి. కొందరు పెద్ద అంకె ఒక్కటే అచ్చు వేస్తారు.

రెండోది వోల్టులు. 18 వోల్టులన్నా, 20 వోల్ట్ మ్యాక్స్ అన్నా ఒకటే. లోపల వరసగా ఐదు సెల్లులు ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు. పూర్తిగా చార్జ్ చేసినప్పటి లెక్క చెబితే అది 20 అవుతుంది. ఆన్‌లైన్‌లో కనిపించే 48 వీఎఫ్, 88 వీఎఫ్ అన్నవి వోల్టులు కావు, అమ్మకానికి పెట్టుకున్న గుర్తులు. చాలావాటిలో ఉండేవి అవే ఐదు సెల్లులు.

మూడోది ఆంపియర్ అవర్లు. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు ఉంటే 72 వాట్ అవర్లు. నాలుగు చక్రాలు విప్పడానికి ఒక చార్జ్ ధారాళంగా చాలు. రెండో బ్యాటరీ కోసం దుడ్డు పెట్టనక్కరలేదు.

నాలుగోది, ఒకే గన్ రెండు ధరలకు కనిపిస్తే జాగ్రత్త. తక్కువ ధరదానికి బ్యాటరీ, చార్జర్ ఉండవు. అదే కంపెనీ డ్రిల్ ఇంట్లో ఉండి, దాని బ్యాటరీ దీనికి పట్టేట్టుంటే అప్పుడు అది మంచి బేరం.

బ్రష్‌లెస్ మోటారు అయితే బొగ్గు అరిగే బాధ లేదు, చార్జ్ ఎక్కువసేపు వస్తుంది. ఏడాదికి నాలుగైదు సార్లు వాడే ఇంటికి మామూలు మోటారు కూడా నడుస్తుంది.

సాకెట్లు, టార్క్ రెంచ్

చేతి పానా సెట్లో మెరిసే సాకెట్లను గన్‌కు తగిలించకండి. దెబ్బకు పగిలి ముక్క కంటికి తగలవచ్చు. గన్ కోసం చేసిన నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు విడిగా దొరుకుతాయి. మారుతి కార్లకు సాధారణంగా 19, హ్యుందాయ్‌కి 21, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు 17 మిల్లీమీటర్లు. అల్లాయ్ చక్రాలైతే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న పల్చటి సాకెట్ తీసుకోండి, గీతలు పడవు.

టార్క్ రెంచ్ తప్పనిసరి. 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల వరకు కొలిచేది, అర అంగుళం మొన ఉన్నది చాలు. కావలసిన అంకెకు తిప్పి పెడితే అంత బిగింపు రాగానే క్లిక్ మంటుంది, అక్కడ ఆపాలి. పని అయ్యాక కింది అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే స్ప్రింగు లెక్క తప్పుతుంది. దుడ్డు ఒక్కదానికే ఉంటే ఇదే ముందు కొనండి.

వాడే పద్ధతి

1. గట్టి, సమమైన నేల మీద కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి రాయి అడ్డు పెట్టాలి. కంటికి అద్దాలు పెట్టుకోవాలి.
2. చక్రం నేలమీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి తల, చెయ్యి పెట్టకూడదు.
3. దొంగల భయానికి వేసిన లాక్ నట్టు ఉంటే దానికి గన్ పెట్టకూడదు, చేత్తోనే విప్పాలి.
4. తిరిగి వేసేటప్పుడు ప్రతి నట్టూ మూడు నాలుగు చుట్లు వేళ్లతో ఎక్కించాలి. వంకరగా ఎక్కిన నట్టును గన్ తిప్పితే మర పోతుంది. పుస్తకంలో రాస్తే తప్ప మరకు నూనె పూయకూడదు.
5. చక్రం ఆనేవరకే గన్. కారు దింపాక టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాలి.
6. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి.

స్పార్క్ ప్లగ్గు, ఇంజను ఆయిలు దించే బోల్టు గన్‌తో బిగించకూడదు. అవి అల్యూమినియం మరలోకి ఎక్కేవైతే ఒక్క దెబ్బకే పాడవుతాయి.

బ్యాటరీని మార్చి, ఏప్రిల్, మే ఎండల్లో కారులో వదలకండి. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకండి. వాడనప్పుడు సగం చార్జ్‌తో నీడలో ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూడండి.

ఎక్కడ కొనాలి, ఏం దాచాలి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో నాలుగు అంగళ్లు తిరిగి చేత్తో పట్టుకుని చూడవచ్చు. బరువు మీ చేతికి సరిపోతుందా అన్నది ఫోన్లో బొమ్మ చూస్తే తెలియదు. రిపేరుకు ఎక్కడికి పంపాలో కొనే ముందే అడగండి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకుని, ఫోటో తీసి పెట్టుకోండి. వారంటీ విషయంలో అంగడివాళ్లు మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బిల్లు లేకపోతే నిరూపించుకోవడం కష్టం.

అందరికీ అవసరమా?

కాదు. 60 సెంటీమీటర్ల పొడుగు పిడి ఉన్న పానాతో 100 న్యూటన్ మీటర్లకు 17 కిలోల ఒత్తిడి చాలు. ఆ పిడి, సరైన సాకెట్, టార్క్ రెంచ్ ఉంటే చాలా ఇళ్లకు అంతటితో సరి. చక్రాలు, బ్రేకులు స్వయంగా చూసుకునేవాళ్లకు, మోచెయ్యి, భుజం నొప్పులు ఉన్నవాళ్లకు గన్ నిజంగా ఉపకారం. ఒకే వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకటి కొని, ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే ఖర్చు నాలుగో వంతే.

44వ నంబరు జాతీయ రహదారి మీద బాగేపల్లి, చిక్కబళ్లాపురం మధ్య రాత్రి పూట చక్రం పోతే గన్ ఉన్నా సరే, లారీలు పోయే పక్కన కూర్చుని విప్పకండి. వీలైనంత ఎడమకు జరిగి, హజార్డ్ లైట్లు వేసి, అందరినీ దించి, 1033కు ఫోన్ చేయండి.

గన్ కొన్నా కొనకపోయినా, ఈసారి పంచర్ వేయించుకున్న మరుసటి రోజు ఇంటి ముందు ఆ నట్లు ఒక్కొక్కటిగా వదులు చేసి, టార్క్ రెంచ్‌తో సరిగా బిగించండి. ఊడనిది ఏదైనా ఉంటే ఊళ్లోనే తెలుస్తుంది, మెకానిక్ దగ్గరే ఉంటాడు.