రథులు, అతిరథులు, రహీం సాబ్

మహాభారతం ఉద్యోగపర్వంలో రథాతిరథసంఖ్యానమనే ఘట్టమొకటున్నది. యుద్ధానికి ముందు దుర్యోధనుడడుగగా, తమ సేనలో రథులెవరో, అతిరథులెవరో భీష్ముడు ఎంచి చెప్తాడు. కర్ణుని వంతు వచ్చేసరికి అతడు అర్ధరథుడేనని తేల్చివేస్తాడు. దానితో భీష్ముడు జీవించి ఉండగా తాను పోరనని కర్ణుడు తొలగిపోతాడు. పది దినాలు కౌరవసేన అతడు లేకుండానే యుద్ధం చేసింది. బలాబలాల అంచనాలో దొర్లిన ఒక్క మాటకు అంత మూల్యం!

ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు మన ప్రాంతపు మరొక సేనాపతి స్ఫురించేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చాక ఆ పేరు మళ్ళీ పదిమంది నోట వినబడింది. భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడుగానే లోకానికి ఆయన తెలుసు. కాని వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. 1909లో జన్మించి, ఉస్మానియాలో చదువుకుంటూ కళాశాల విద్యార్థులతో కలిసి ఫుట్‌బాల్ ఆడినవాడు. నల్లగొండ, పాలమూరు జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్న ఆ రోజులలో మా వైపు పిల్లలకు సైతం పెద్ద చదువంటే హైదరాబాదే దిక్కు. ఆ నగరపు పోలీసు జట్టును రహీం తీర్చిదిద్దాడు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకున్నది.

వచ్చే పోటీలకు ముందువరుసను, అనగా గోలు కొట్టవలసిన ఫార్వర్డులను, ఎంచుకోవడం ఏ శిక్షకునికైనా కఠినపరీక్షే. నిరుడు ఎవరెన్ని గోల్సు కొట్టారో లెక్కించడం సులభం. రహీం లెక్క అంతటితో ఆగలేదు. మనవారికి బంతి చిక్కితే కాలి దగ్గరనుండి విడువరు. అందుకని ఆయన డ్రిబ్లింగు నిషేధించి పోటీలు నడిపాడు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించి తీరాలి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టాడు. వాటిలో ఆటగాని వర్తమానమే గాక, ముందుముందు ఏమి కాగలడన్నదీ బయటపడేది.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన పేదయింటి బాలుడు తులసీదాస్ బలరాం. అభ్యాసానికి రావడానికి సైకిలు అద్దె సైతం రహీం సాబే ఇచ్చేవాడని తరువాతి కాలంలో బలరామే చెప్పుకున్నాడు. ఆ బాలుడు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేశాడు.

రహీం అంచనాకు అసలైన పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఎదురైంది. ముందువరుసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. అతిరథులే. అయినా తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండుపై గెలిచిన ఆటలో వెనుకవరుసకు ఆయువుపట్టయిన జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది. రక్షణలో తలతో బంతిని అడ్డుకోవడం తప్పదు గనుక అతణ్ణి పక్కన కూర్చోబెట్టడమే లోకరీతి. రహీం అతణ్ణి అర్ధరథుడనలేదు. స్థానం మార్చి ముందువరుసలో నిలిపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయం. అందులో ఒక గోలు జర్నయిల్‌ది. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాపై 2-1 విజయం. ఒక గోలు బెనర్జీది, మరొకటి జర్నయిల్‌ది.

పద్యం చెప్పేవారికి ఇది వింతగా తోచదు. ఒకచోట యతిభంగం చేసిన పదమే మరొకచోట పద్యానికి ప్రాణం పోస్తుంది. పదంలో లోపం లేదు, స్థానం కుదరలేదు, అంతే. మా జిల్లాల బడులలో జట్లెంచేటప్పుడు, తరగతిలో పిల్లలను మార్కులతో తూచేటప్పుడు జరిగేదేమిటి? జూన్‌లో 'వీడింతే' అన్న మాట పడితే మార్చి దాకా ఆ పిల్లవాడు ఆ మాట కిందనే నలుగుతాడు. వానిని మరొక చోట నిలిపి చూచే ఓపిక ఎందరికున్నది? బడిపంతులైన రహీంకు ఉన్నది. దేశానికి బంగారు పతకం దక్కింది.

1963 జూన్ 11న కర్కటవ్యాధితో రహీం కన్నుమూశాడు. ఆ పిదప ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం మళ్ళీ రాలేదు. బెనర్జీ, చునీ 2020లో పోయారు. 2023లో బలరాం కూడా వెళ్ళిపోయాడు. వారి ఆటను కన్నులారా చూచిన పెద్దలు మీ ఇండ్లలో ఉంటే, మిత్రులారా, వారి చేత చెప్పించుకొని వ్రాసి ఉంచండి. ఆలస్యం చేయకండి.